చెడ్డ రోజు లెక్క కూడా చెప్పించండి: సెబీ ఛైర్మన్‌కు బహిరంగ లేఖ



టీవీలో మ్యూచువల్ ఫండ్ ప్రకటన చివర వచ్చే హెచ్చరికకు మీ సంస్థ ఎప్పుడో ఒక కొలత పెట్టింది. ఆ పద్నాలుగు ఇంగ్లీషు మాటలు చదవడానికి కనీసం ఐదు సెకన్లు పట్టాలి. అంతకుముందు అనౌన్సర్లు దాన్ని ఒక్క గుక్కలో మింగేసేవాళ్లు. మాటలు వినపడేలా చేసినందుకు సెబీకి కృతజ్ఞతలు చెప్పాలి. చిక్కల్లా ఏమిటంటే, చిన్న కంపెనీల షేర్లు కొనే ఫండుకూ అదే హెచ్చరిక, రాత్రికి అప్పిచ్చి మర్నాడు వసూలు చేసుకునే ఓవర్‌నైట్ ఫండుకూ అదే హెచ్చరిక. 2008లో మదుపుదారుల సొమ్ములో సగానికి పైగా పోగొట్టిన షేర్ల ఫండ్లున్నాయి. ఓవర్‌నైట్ ఫండులో అలాంటిది జరిగే దారే లేదు. రెండింటికీ ఒకటే మాట చెబితే వినేవాడికి ఏం తెలుస్తుంది? ధైర్యమున్నవాడు రెండు చోట్లా పట్టించుకోడు, భయపడేవాడు రెండింటి జోలికీ పోడు.

ఈ లేఖ భయపడి ఆగిపోయేవాళ్ల గురించి. వాళ్లు వాడుకోదగిన సరుకు ఒకటి మీ అధీనంలో ఉంది: లిక్విడ్ ఫండ్, దాని పక్కనే మనీ మార్కెట్ ఫండ్. దేశంలో లిక్విడ్ ఫండ్లలో లక్షల కోట్ల రూపాయలున్నాయి. అందులో అధిక భాగం కంపెనీల సొమ్మే. జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి నెలల్లో 15వ తేదీకి ముందు అడ్వాన్స్ టాక్స్ కట్టడానికి కంపెనీల ఖజానా అధికారులు ఈ ఫండ్లలోంచే వేల కోట్లు తీస్తారు, తర్వాత మళ్లీ వేస్తారు. నెలరోజులు ఖాళీగా ఉండే డబ్బును కరెంటు ఖాతాలో వదిలేస్తే వాళ్ల ఉద్యోగం ఊడుతుంది. మామూలు మనిషి మాత్రం ఏళ్ల తరబడి సేవింగ్స్ ఖాతాలోనే వదిలేస్తున్నాడు.

గుంటూరు మిర్చి యార్డులో సరుకు అమ్మిన రైతునే తీసుకోండి. కమిషన్ ఏజెంటు లెక్క తేల్చాక, బంగారం తాకట్టు విడిపించాక, చేతి అప్పులు తీరాక నాలుగు లక్షలు మిగిలాయనుకుందాం. (అప్పు ఉండగా ఏ ఫండూ వద్దు. తొమ్మిది శాతం కట్టే అప్పు ఉంచుకుని ఆరు శాతానికి డబ్బు దాచడం తెలివి తక్కువ పని.) ఏప్రిల్ మొదట్లో ఖాతాలో పడ్డ ఆ డబ్బుతో మళ్లీ పని పడేది జులై ఆఖరులో, నారుకూ ఎరువులకూ. నాలుగు నెలలు. స్టేట్ బ్యాంకు 2025 జూన్ నుంచి సేవింగ్స్ ఖాతాకు ఇస్తున్న 2.5 శాతం లెక్కన వచ్చేది 3,333 రూపాయలు. అదే డబ్బు ఏడాదికి ఆరు శాతం తెచ్చే లిక్విడ్ ఫండులో ఉంటే 8,000. తేడా 4,667 రూపాయలు. 1,350 రూపాయల గరిష్ఠ ధర లెక్కన మూడు డీఏపీ బస్తాలు వచ్చి, ఇంకా ఆరు వందలు మిగులుతాయి. ఆ బస్తాలు రైతు చేలోకి రావాల్సింది, బ్యాంకు లాభాల్లోకి పోతున్నాయి.

ప్లాటు అమ్మి రిజిస్ట్రేషన్‌కూ కొత్త ఇల్లు కొనడానికీ మధ్య ఆగినవాళ్లు, ముహూర్తానికి మూడు నెలల ముందే పెళ్లి డబ్బు సమకూర్చుకున్నవాళ్లు, గ్రాట్యుటీ చేతికొచ్చి ఏం చేయాలో తేల్చుకోలేని రిటైర్డ్ టీచర్లు, అందరిదీ ఇదే లెక్క. అయితే ఆరు శాతం ఎప్పుడూ ఉండేది కాదని కూడా చెప్పాలి. రిజర్వ్ బ్యాంకు రెపో రేటు నాలుగు శాతానికి దిగిన 2021లో లిక్విడ్ ఫండ్లు ఇచ్చింది మూడు శాతం చిల్లర. సేవింగ్స్ ఖాతాకూ వాటికీ పెద్ద తేడా మిగల్లేదు. పైగా 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న యూనిట్ల మీద ఎన్నాళ్లు ఉంచినా లాభం మొత్తం ఆదాయంలో కలిసి, స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ముప్పై శాతం స్లాబులో ఉన్న ఉద్యోగికి ఆరు కాస్తా నాలుగు అవుతుంది.

ఇంతకీ ఈ ఫండ్ల లోపల ఉన్నదేమిటి? తెలుగు పల్లెల్లో అందరూ ఎరిగిన వస్తువే. కమర్షియల్ పేపర్ అనేది కంపెనీ రాసిచ్చే ప్రామిసరీ నోటు. తాకట్టు ఉండదు, పేరు చూసి ఇచ్చే అప్పు. బ్యాంకులు రాసిచ్చే అలాంటి కాగితాన్ని సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ అంటారు. కేంద్ర ప్రభుత్వం రాసిచ్చేది ట్రెజరీ బిల్లు. బుధవారం బుధవారం రిజర్వ్ బ్యాంకు వాటిని వేలం వేస్తుంది. వంద రూపాయల 91 రోజుల బిల్లును 98 రూపాయల 60, 70 పైసలకు కొన్నవాడికి గడువు నాడు పూర్తి వంద వస్తుంది. లిక్విడ్ ఫండు 91 రోజులకు మించిన కాగితం కొనకూడదు, మనీ మార్కెట్ ఫండు ఏడాది దాకా వెళ్లొచ్చు. ‘నూటికి రెండు రూపాయలు’ అని నెలవారీగా వడ్డీ మాట్లాడుకునే ఊళ్లో చెప్పాలంటే ఇది అర్ధ రూపాయి వడ్డీ వ్యాపారం. నూరు రూపాయల మీద రోజుకు పైసాన్నర పైచిలుకు పెరుగుతుంది, ఆదివారం కూడా.

నోటు రాసినవాడు కట్టకపోతే?

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే రోజులు కొన్ని ఉన్నాయి. అసలు ఈ తరహా ఫండు పుట్టిందే అమెరికాలో. బ్యాంకులు చిన్న డిపాజిట్లకు ఇచ్చే వడ్డీకి అక్కడి ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టిన కాలంలో, 1971లో, బ్రూస్ బెంట్, హెన్రీ బ్రౌన్ అనే ఇద్దరు రిజర్వ్ ఫండ్ మొదలుపెట్టారు. ఒక యూనిట్ ధర ఎప్పుడూ ఒక డాలరే, పెరిగేదంతా వడ్డీగా జమ. 2008 సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకు దివాలా తీసేనాటికి ఆ సంస్థకే చెందిన రిజర్వ్ ప్రైమరీ ఫండ్‌లో 6,200 కోట్ల డాలర్లకు పైగా ఉంది. అందులో లేమన్ కాగితం 78.5 కోట్లు, అంటే నూటికి ఒకటీ పావు. సెప్టెంబర్ 16న యూనిట్ ధర 97 సెంట్లకు దిగింది. పోయింది మూడు సెంట్లే, కానీ డాలరుకు డాలరు వస్తుందన్న నమ్మకం పోయింది. దేశమంతటా మదుపుదారులు ఎగబడ్డారు. మూడు రోజులు తిరక్కముందే అమెరికా ఖజానా శాఖ ఈ ఫండ్లకు తాత్కాలికంగా హామీ ఇవ్వాల్సి వచ్చింది. చివరికి రిజర్వ్ ప్రైమరీలో ఉన్నవాళ్లకు డాలరుకు 99 సెంట్లు దాటి ముట్టింది గానీ, వాయిదాల్లో, ఏళ్లు ఎదురుచూశాక. ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ల బ్రోకరేజీ ఖాతాల్లో ఖాళీ డబ్బు నిలిచేది తరచూ ఇలాంటి ఫండ్లలోనే.  

మన దగ్గర సెగ అదే ఏడాది అక్టోబర్‌లో తగిలింది. కంపెనీలు ఒక్కసారిగా డబ్బు వెనక్కి అడిగాయి. కొనేవాళ్లు లేక ఫండ్ల చేతిలో కాగితాలు మిగిలిపోయాయి. బ్యాంకుల ద్వారా మ్యూచువల్ ఫండ్లకు అందేలా రిజర్వ్ బ్యాంకు 20,000 కోట్ల ప్రత్యేక ద్వారం తెరిచింది. 2013 జులైలో రూపాయి పతనాన్ని ఆపడానికి స్వల్పకాలిక వడ్డీ రేటును 10.25 శాతానికి ఎగదోసినప్పుడు మళ్లీ అదే కథ, ఈసారి 25,000 కోట్లు. 2020 ఏప్రిల్‌లో 50,000 కోట్లు. మ్యూచువల్ ఫండ్ల కోసం పన్నెండేళ్లలో మూడుసార్లు రిజర్వ్ బ్యాంకు రంగంలోకి దిగిందన్న ముక్క ఏ ఫండు కరపత్రంలోనూ ఉండదు.

అవి మార్కెట్ మొత్తానికి వచ్చిన కష్టాలు. ఒక్క నోటు ఎగవేత వల్ల ఒక్క ఫండు ఎలా దెబ్బతింటుందో చూడాలంటే 2017 ఫిబ్రవరికి వెళ్లాలి. కాగితం పరిశ్రమలో పేరున్న బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ రేటింగ్‌ను అట్టడుగుకు దించారు. ఆ కంపెనీ నోట్లున్న టారస్ లిక్విడ్ ఫండ్ విలువ ఒక్కరోజులో ఏడు శాతం పైన పడింది. ఆనాటి వడ్డీ రేట్లలో ఏడాది పాటు పైసా పైసా కూడినదంతా ఒక్కపూటలో తుడిచిపెట్టుకుపోయింది. ముందురోజు లక్ష ఉన్నవాడి దగ్గర మర్నాడు 93 వేలు.

మరుసటేడు వంతు మౌలిక సదుపాయాలకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థది. హైదరాబాద్‌కు ఈ పేరు కొత్త కాదు. సత్యం కుంభకోణం బయటపడ్డాక, రామలింగరాజు కుటుంబం స్థాపించిన మేటాస్ ఇన్‌ఫ్రాను చేపట్టింది ఈ సంస్థే. ఆ కంపెనీ తర్వాత ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ ఇంజినీరింగ్ అయింది. 2018 వేసవిలో మూడు ‘ఏ’ల రేటింగుతో వెలిగిన మాతృసంస్థ సెప్టెంబర్ కల్లా ‘డి’కి చేరింది. మూడు ‘ఏ’ల నుంచి ఎగవేతదాకా కొన్ని వారాలే! రేటింగు చూసుకుని ఆ నోట్లు కొన్న లిక్విడ్ ఫండ్లు ఉన్నపళంగా నష్టాన్ని రాసుకున్నాయి.

ఇక్కడ మీ సంస్థ చేసిన పనిని తక్కువ చేయకూడదు. 2019లో తెచ్చిన నిబంధనలతో లిక్విడ్ ఫండు తన ఆస్తిలో అయిదో వంతు నగదు, ప్రభుత్వ పత్రాల వంటి వాటిలో ఉంచక తప్పడం లేదు. ఒకే రంగానికి ఇచ్చే అప్పుకు 20 శాతం హద్దు వచ్చింది. వేసిన ఆరు రోజుల్లోపు తీసేస్తే చిన్న రుసుము పెట్టారు. మర్నాడే తీస్తే లక్షకు ఏడు రూపాయలు, ఏడో రోజుకు సున్నా. మామూలు మనిషికి అది లెక్కలోది కాదు. వందల కోట్లు ఇవాళ వేసి రేపు లాగే కంపెనీకి మాత్రం ముల్లు. అంతకంటే ముఖ్యమైంది ఇంకొకటి: ఫండు దగ్గరున్న కాగితాలన్నింటికీ ఏరోజుకారోజు మార్కెట్ ధర కట్టాలన్నారు. అంతకుముందు గడువు దగ్గరపడ్డ కాగితాలకు వడ్డీని సమానంగా పంచి రాసుకునేవారు, అందుకే ఫండు విలువ గీత ఎప్పుడూ తిన్నగా పైకే కనిపించేది. అద్దం తుడవడం మొదలయ్యాక తొలిసారి నిజరూపం 2020 మార్చిలో బయటపడింది. లాక్‌డౌన్ భయంతో చాలా లిక్విడ్ ఫండ్ల విలువ కొన్ని రోజులపాటు కిందికి దిగింది. అసలుకే మోసం వచ్చిందని ఫోన్లు మోగాయి. నిజానికి ఆ కాగితాలు గడువుకు పూర్తిగా వసూలయ్యేవే, కొన్నాళ్లు ఓపిక పట్టినవాళ్లకు లోటు పూడిపోయింది కూడా. కానీ విలువ దిగగలదని వాళ్లకు ఎవరూ ముందు చెప్పలేదు.

ఆ తర్వాతి నెల 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే ఫండ్ సంస్థ తన ఆరు పథకాలు మూసేసింది. మూడు లక్షల మందికి పైగా మదుపుదారులు, దాదాపు 25 వేల కోట్లు. అవి లిక్విడ్ ఫండ్లు కావు. అయితే అందులో ఒకదాని పేరులో ‘అల్ట్రా షార్ట్’ ఉంది, ఇంకొకదాని పేరులో ‘లో డ్యూరేషన్’. అత్యవసరానికి దాచుకున్నదని ఆ పేర్లు నమ్మి వేసిన డబ్బు నెలల తరబడి కదల్లేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఎస్‌బీఐ ఫండ్ సంస్థ చేతులమీదుగా పంపిణీ జరిగి, చివరికి మూసేసిన నాటి విలువకు మించే వచ్చింది. ఆసుపత్రి బిల్లు కట్టాల్సినవాడికి ఆ ‘చివరికి’ పనికొస్తుందా? 2017లో మీరు ఖరారు చేసిన వర్గాల్లో ఓవర్‌నైట్, లిక్విడ్, అల్ట్రా షార్ట్, లో డ్యూరేషన్, మనీ మార్కెట్ అని అయిదు పేర్లు వరసగా ఉన్నాయి. గుణదల బస్టాప్‌లో నిలబడ్డ మనిషికి వీటిలో ఏది దేనికంటే భద్రమో పేరు చూసి తెలిసే అవకాశం లేదు. ‘లో’ అన్నది గడువు గురించి, రిస్కు గురించి కాదు.

రిస్కు స్థాయిని ముల్లుతో చూపే రిస్కోమీటర్ ఉందిగా అని మీ అధికారులు అనొచ్చు. ఉంది, 2021 నుంచి ఆరు మెట్లతో, ఇప్పుడు రంగులతో కూడా. దానికి తోడు అదే ఏడాది డిసెంబర్‌లో అప్పు ఫండ్ల రిస్కును చూపే తొమ్మిది గళ్ల పట్టిక కూడా వచ్చింది. ఎక్కువ లిక్విడ్ ఫండ్ల ముల్లు ‘తక్కువ నుంచి మధ్యస్థం’ దగ్గర ఆగుతుంది. అంటే లక్షకు ఎంత? యాభై రూపాయలా, ఏడు వేలా? ఆ ముల్లు చెప్పదు. లాభం సంగతి వచ్చేసరికి మాత్రం అంకెలకు లోటుండదు. ఏడు రోజుల, పదిహేను రోజుల, ముప్పై రోజుల రాబడిని ఏడాది లెక్కకు మార్చి ప్రకటించుకోవడానికి మీ నిబంధనలే అనుమతిస్తున్నాయి. లాభానికి అంకెలు, నష్టానికి రంగులు! ఈ బేరంలో మొగ్గు ఎటువైపో వేరే చెప్పక్కర్లేదు.

అంకె చెప్పకపోతే జనం ఆ ఖాళీని ఇంకెవరి మాటతోనో నింపుకుంటారు. 2025 ఫిబ్రవరిలో సైబరాబాద్ పోలీసులు బయటపెట్టిన ఫాల్కన్ కేసు ఇందుకు సాక్ష్యం. పేరున్న కంపెనీల బిల్లుల మీద స్వల్పకాలిక అప్పులిస్తున్నామని ఒక యాప్ ద్వారా చెప్పి, 22 శాతం దాకా రాబడి ఆశ చూపి, సుమారు 1,700 కోట్లు వసూలు చేశారని పోలీసులు చెప్పారు. తిరిగిరాని సొమ్ము అందులో దాదాపు సగం. కొద్దిరోజుల గడువు, పెద్ద కంపెనీల పేర్లు, క్రమం తప్పని వడ్డీ: లిక్విడ్ ఫండు చెప్పుకోవాల్సిన మాటలన్నీ వాళ్లు చెప్పుకున్నారు. బాధితుల్లో చదువుకున్నవాళ్లు, ఐటీ ఉద్యోగులూ ఉన్నారు. ‘రెండు రూపాయల’కు దగ్గరగా వచ్చే వడ్డీకి స్వల్పకాలిక కంపెనీ నోటు ఎక్కడా దొరకదని, అసలు ధర అర్ధ రూపాయేనని వాళ్లకు తెలిసి ఉంటే కొందరైనా ఆగేవాళ్లు. అగ్రిగోల్డ్ డిపాజిట్ల కుంభకోణంలో చేయి కాలి, ఇక బ్యాంకు తప్ప దేన్నీ నమ్మనని కూర్చున్నవాళ్లు మరో పక్క. వాళ్ల భయంలో న్యాయముంది. బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి అయిదు లక్షల దాకా బీమా ఉంది, లిక్విడ్ ఫండుకు అలాంటిది లేదు. ఈ ముక్క కూడా ఫండు కాగితం మీద మొదట్లోనే ఉండాలి.

ఫండు ఏజెంట్లు చెప్పరా అంటే, చెప్పరు. లిక్విడ్ ఫండు మీద వాళ్లకు ముట్టే కమిషన్ నూటికి పైసల్లో ఉంటుంది. అదే కస్టమర్‌కు యూలిప్ బీమా పాలసీయో, షేర్ల ఫండో అంటగడితే రూపాయల్లో. బ్యాంకు బ్రాంచిలో ‘సార్, మీ ఖాతాలో నాలుగు లక్షలు ఊరికే పడున్నాయి’ అని ఫోన్ చేసే అమ్మాయి లిక్విడ్ ఫండు మాట ఎత్తదు. ఎత్తితే ఆమె టార్గెట్ నిండదు. అమ్మేవాడు లేని మంచి సరుకు గురించి చెప్పాల్సిన బాధ్యత నియంత్రణ సంస్థ మీదే పడుతుంది.

అందుకే ఈ లేఖ అడిగేది ఒకటే పని. ప్రతి ఓవర్‌నైట్, లిక్విడ్, మనీ మార్కెట్, అల్ట్రా షార్ట్, లో డ్యూరేషన్ ఫండు దరఖాస్తు ముందు పేజీలో, రిస్కోమీటర్ పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో నాలుగు వాక్యాలు అచ్చు వేయించండి: ఈ ఫండులో లక్ష రూపాయలకు ఇప్పటివరకు ఒక్కరోజులో అత్యధికంగా తగ్గింది ఇంత, తేదీ ఇది, కారణం ఇది, మళ్లీ ఆ స్థాయికి చేరడానికి పట్టిన రోజులు ఇన్ని. పథకం పేరు మారినా, ఇంకో పథకంలో కలిసిపోయినా ఆ చరిత్ర వెంట రావాలి. లేదంటే దెబ్బతిన్న ఫండును మంచి ఫండులో కలిపేసి మచ్చ మాయం చేయడం సులువు. కొత్త ఫండుకు చరిత్ర ఉండదు కాబట్టి, ఆ వర్గంలో వచ్చిన అతి చెడ్డ రోజు వేయాలి.

ఇలా చేస్తే జనం బెదిరిపోతారన్న అభ్యంతరం ఫండ్ సంస్థల నుంచి తప్పక వస్తుంది. వాళ్లే లెక్క వేసి చూసుకోవచ్చు. జాగ్రత్తగా నడిచిన లిక్విడ్ ఫండ్లకు ఆ అంకె చిన్నదే వస్తుంది, దాన్ని చూపించి అమ్ముకోవచ్చు కూడా. ఎక్కువ రాబడి కోసం నాసి నోట్లు కొన్నవాళ్లకే ఆ పేజీ ఇబ్బంది.

ఆ నాలుగు వాక్యాలూ తెలుగులో ఉండాలి. ప్రాంతీయ భాషల్లో అవగాహన సాహిత్యం అందుబాటులో ఉంచమని 2014లో ఫండ్ సంస్థలకు చెప్పింది సెబీయే. వచ్చిన కరపత్రాలు క్రమం తప్పని పొదుపు గొప్పదనం చెప్పాయి గానీ, ఫలానా ఫండు డబ్బు ఎవరికి అప్పుగా వెళ్లిందో చెప్పలేదు. అప్పు ఫండ్లు పదిహేను రోజులకోసారి తమ దగ్గరున్న కాగితాల జాబితా బయటపెట్టాలన్న మీ నిబంధన మంచిదే. కానీ అది చేరేది ఇంగ్లీషు ఎక్సెల్ షీటుగా. ప్రభుత్వానికి ఇంత, బ్యాంకులకు ఇంత, కంపెనీలకు ఇంత అని మూడు వరసల్లో తెలుగులో రాస్తే మిర్చి రైతుకు చాలు. నోటు ఎవరు రాశారన్నది చూసి అప్పిచ్చే అలవాటు అతనికి ఎలాగూ ఉంది.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. ప్రతి పథకం రోజువారీ విలువలు ఏళ్ల నాటివి కూడా ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ దగ్గర సిద్ధంగా ఉన్నాయి. చెడ్డ రోజు ఏదో వెతకడం ఒక గుమాస్తాకు ఒక్క మధ్యాహ్నం పని. కావాల్సిందల్లా మీ సంతకంతో ఒక సర్క్యులర్. వచ్చే మిర్చి సీజన్ డబ్బు ఖాతాల్లో పడేలోగా దాన్ని జారీ చేయండి.